సారు మొదలుపెట్టిన మాట

చదివేవారు నన్ను మన్నించాలి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో డెబ్బై ఏళ్లు వచ్చినా నాకు కుదరలేదు. చదివింది ఊరిబడిలో ఐదు వరకే. తప్పులుంటే మీరే దిద్దుకోండి. నావి దిద్దే మనిషి ఇప్పుడు లేరు.

మా సారు పోయారు. అప్పుడు నేను చేలో ఉన్నాను. విత్తనం వేసిన మూడో రోజు. వానకు జారిన గట్టు రాళ్లు సర్దుతుంటే సారు కూతురు ఫోన్ చేసింది. "చిన్నాయనా, నాయన పోయినాడు" అంది.   నేను చేతిలో రాయి కింద దించాను. ఆమే ఫోన్ పెట్టేసింది.

సారు దగ్గర చదువుకున్నవాళ్లంతా కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. తలా ఒక జ్ఞాపకం రాయమంటున్నారు. నన్ను అడగడానికి వచ్చిన మనిషితో నాకు రాదు అన్నాను. "కడపటి ఆరు నెలలు ఆయన పక్కన కూచున్నోనివి నువ్వే గదన్నా. నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?" అన్నాడు. రాస్తున్నాను. కానీ ముందే చెప్పేస్తాను, ఊరికే రాయడం లేదు. మీ నుంచి నాకు ఒకటి తెలియాలి. అది తెలియక కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. ఈ నాలుగు వరుసలు రాసేలోపే రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను.

సారు మా ఊరికి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆయనకు ఇరవై దాటి ఒకటో రెండో. మా మండలం కంబదూరు, ఊరు దానికి కొంచెం దూరం. ఆయన నాయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. సెలవుల్లో సారు కూడా ఆయన వెంట తిరిగేవారట. ఒక సాయిబు వచ్చి తెలుగు చెప్తాడంట అని మా ఊళ్లో పెద్దలు ఒకరిద్దరు నవ్వారు. ఒకాయన నేరుగా అడిగేశాడు, "ఏమప్పా, మా పిల్లోళ్లకు నువ్వేం తెలుగు చెప్తావు?" అని. సారు సైకిలు దిగి, "చెప్పేదానికి కాదన్నా, మీకాడ నేర్చుకునేదానికి వచ్చినా" అన్నారు. ఆయన ఎగతాళిగా అన్నారేమో అని ఆ పెద్దాయన చాలా రోజులు అనుమానపడ్డాడు. ఎగతాళి కాదు. నాకు తెలుసు.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిస్తే పిల్లలు రారు. ఆ రోజుల్లో విత్తనం శెనక్కాయ చేత్తోనే ఒలవాలి. గింజ మీద పొర చిట్లితే మొలక రాదు, అందుకని. వాన ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి గింజ ముందే సిద్ధంగా ఉండాలి. ఊరంతా అరుగుల మీద చాటలు పెట్టుకుని కూర్చుంటుంది. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయని వాళ్లనూ కూర్చోబెడతారు. ముందున్న అయ్యవార్లు బెత్తం పట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. ఈ సారు రాలేదు. మొదటి రెండు రోజులు ఖాళీ బడిలో కూర్చున్నారు. మూడో రోజు బడికి తాళం వేసి మా వీధి అరుగు దగ్గరికి వచ్చి, కింద మెట్టు మీద కూర్చుని, "నాకూ ఒక చాట ఇయ్యండమ్మా" అన్నారు.

అక్కడ మొదలైంది ఆ ఆట. నలభై యాభై ఏళ్లు పైబడిన మీలో చాలామందికి గుర్తుండాలి. సారు ఒక క్రియ ఇస్తారు. వరుసగా ఒక్కొక్కరూ దానితో ఒక మాట చెప్పాలి. ముందు ఒకరు చెప్పిన అర్థంతో ఇంకొకరు చెప్పకూడదు. చెప్పలేనివాళ్లు పక్కవాళ్ల చాట కూడా ఒలవాలి. మొదటి రోజు ఇచ్చింది 'పట్టు'.

నాకంటే పెద్ద తరగతి పిల్లవాడు ఒకడు లేచి నిలబడి, వాచకం చదివినట్టు, "రక్షకభటుడు దొంగను పట్టెను" అన్నాడు.

"మన ఊరికి పోలీసు ఎప్పుడొచ్చినాడప్పా?" అన్నారు సారు.

"రాలే సార్."

"మరి ఈ మాట ఎవరితో అన్నావు?"

వాడు కూర్చున్నాడు. అప్పుడు పెట్టారు సారు ఆ షరతు. పుస్తకంలో చదివింది వద్దు. నువ్వు నిజంగా ఎవరితోనన్నా అన్నదో, ఎవరన్నా అంటుంటే విన్నదో చెప్పాలి. ఆ తర్వాత ఇంకొకడు "నాకు ఆకలి పట్టింది" అంటే, "మీ అమ్మతో అట్లే అంటావా?" అని అడిగారు. "లేదు సార్, ఆకలైతాంది అంటా" అన్నాడు వాడు. "మీ అమ్మకు ఎట్ల చెప్తే అన్నం పెడతాదో అట్లే నాకూ చెప్పు" అన్నారు.

పిల్లలు ఓడిపోయారు. ఆడవాళ్లు అందుకున్నారు. "బావికాడ నా వంతు వచ్చేసరికి జాము పట్టె" అంది ఒకామె. "బిడ్డకు పాలు పట్టి వచ్చినా" అంది ఇంకొకామె. "కొడవలికి తుప్పు పట్టింది." "మబ్బయితే పట్టింది, వాన యాడ?" "వంగి వంగి నడుము పట్టేసింది." ఒక ముసలమ్మ తన కోడలి వైపు చూడకుండా, "మా ఇంట్లో నా మాట ఎవరికీ పట్టదు" అంది. అరుగంతా ఒకటే నవ్వు. కోడలు తల ఎత్తకుండా, "ఒకే మాట పొద్దన్నుంచి పదిసార్లు చెప్తే ఎట్ల పడతాది?" అంది. సారు మోకాలు తట్టుకుని నవ్వారు. ఇది కూడా లెక్కే అన్నారు.

నా వంతు వచ్చింది. నాకు చిన్నప్పటి నుంచి నలుగురిలో నోరు పెగలదు. పక్కవాడి చాట ఒలిచేద్దామనే అనుకున్నాను. ఎట్లా వచ్చిందో తెలియదు, "మా అమ్మకు నిద్ర పట్టదు" అన్నాను.

మా అమ్మ అక్కడే ఉంది. ఆ ఏడు కరువు. మా నాయన పనికోసం ఎటో పోయి చాలా రోజులైంది. అందరి చేతులూ ఆగాయి. మా అమ్మ చేతులు కూడా.

సారు మెల్లగా అడిగారు, "ఎవరితో అన్నావప్పా ఇది?"

"ఎవరితోనూ అనలే సార్. చూసినా."

ఆయన తల ఊపారు. "చూసింది గూడా లెక్కే" అన్నారు. మళ్లీ చాటలో కాయలు ఒలుచుకున్నారు. ఇంటికి పోయేటప్పుడు మా అమ్మ నన్ను తిట్టలేదు. నా తల మీద చెయ్యి వేసి నడిచింది. ఆ రోజు నుంచి నన్ను మాట్లాడమని సారు ఎప్పుడూ బలవంతం చేయలేదు.

నా చదువు ఐదుతో ఆగిపోయింది. సారుతో సంగతి ఆగలేదు. ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ఉద్యోగం అయిపోయాక మా ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నారు. టీ సాసర్లో పోసుకుని, చల్లారేదాకా చూసి, చల్లారాక వేడి లేదని గొణిగేవారు. ఎదురుగా పెద్దవాళ్లు వస్తే డెబ్బై ఏళ్ల వయసులో కూడా సైకిలు దిగేవారు. అర్జీ రాయించుకోవడానికి ఎవరన్నా వస్తే వాళ్లతో మూడుసార్లు నోటితో చెప్పించుకుని వాళ్ల మాటల్లోనే రాసేవారు. చేనుకు దోవ కోసం నేను అర్జీ పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, మంచి మాటలు వేసి రాయండి సార్ అన్నాను. "నా మాటలు రాస్తే ఆఫీసులో వాళ్లు అడిగినప్పుడు నువ్వు బెబ్బెబ్బే అంటావు. నీ మాటే రాస్తా. అప్పుడు అది నీ కాగితం అయితాది" అన్నారు.

సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చునేవాడిని. ఒక్కోసారి గంటసేపు ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోం. నేను లేవబోతే, "ఈ పొద్దు బాగా మాట్లాడుకుంటిమప్పా" అనేవారు నవ్వకుండా.

ఇక్కడ మళ్లీ లేచి గొడ్లకు మేత వేసి వచ్చాను. అసలు సంగతికి వచ్చేసరికి కాళ్లు నిలవడం లేదు.

పోయిన చలికాలంలో సారుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. అనంతపురం ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉంచుకుని పంపించారు. కాలు కొంచెం వచ్చింది. మాట రాలేదు. అక్కడ మాట నేర్పే అమ్మాయి ఒకామె సారు కూతురికి గట్టిగా చెప్పి పంపిందట. ఆయనకు లోపల అన్నీ తెలుసు, మాట బయటికి రావడానికి సేపు పడుతుంది, అంతే. ఎంతసేపైనా ఆగండి. మధ్యలో మీరు అందించొద్దు. అందిస్తే వచ్చేది కూడా లోపలికి పోతుంది.

చెప్పడం సులువే. మా ఊరివాళ్లకు ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ సారు మాట అందుకునేవాడు. మా పాత సర్పంచి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయనా సారు దగ్గర చదువుకున్నవాడే.

"ఎట్లుండావు సార్?" అన్నాడు.

సారు "మ... మ..." అన్నారు.

"మందా? మందు ఏసుకోలేదా సార్? అమ్మా, సారుకు మందు తే."

సారు తల అడ్డంగా ఆడించారు. "మ..."

"మంచినీళ్లు. నేనెంత తిక్కోణ్ణి. అమ్మా, మంచినీళ్లు."

సారు ఎడమ చేత్తో మంచం పట్టె మీద గట్టిగా కొట్టారు.

"మంచం దిగుతాడంట, పట్టుకోండప్పా" అని సర్పంచి భుజం కింద చెయ్యి పెట్టి లేపేశాడు. సారు మళ్లీ కొట్టారు. "కోపం ఏమీ తగ్గలే, బడిలో మాదిరే ఉండాడు" అని సంతోషంగా నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు సారు సర్పంచి ఇంటి వైపు ఎడమ చెయ్యి చూపించి సైగలతో కూతురికి తెలియజేశారు. మీ అమ్మ ఎట్లుంది అని అడగబోయారట. సర్పంచి తల్లి చాలా రోజులుగా మంచంలో ఉంది.

ఆ రోజే సారు కూతురు నన్ను గేటు దాకా వచ్చి ఆపింది. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, బట్టలు కుట్టి నాయనను చూసుకుంటున్న పిల్ల. "చిన్నాయనా, నువ్వొక్కనివే నాయన మాటకు అడ్డం పోవు. దినామూ పొద్దున రా. నేను మిషన్ మీద కూచుంటే ఆయనతో కూచునేటోళ్లు లేరు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. "ఏం తినల్ల, యాడ పండుకోవల్ల, అన్నీ నేనే చెప్తాండా. నాయన ఊరికే తల ఊపుతాండాడు. ఆయనకు ఏం కావల్లో ఆయన నోటితో ఒక్కసారన్నా నేను వినల్ల."

నా జీవితంలో నేను తక్కువ మాట్లాడడం ఒకరికి పనికొచ్చింది అప్పుడే.

వారం రోజులు ఊరికే కూర్చున్నాం. ఏం మాట్లాడించాలో నాకు తెలియలేదు. ఒకరోజు గోడకు వేలాడుతున్న కొడవలి చూసి, "కొడవలికి తుప్పు..." అని ఆపాను. సారు నా వైపు తిరిగారు. పెదాలు కదిలాయి. గడప మీద ఉన్న ఎండ కింది మెట్టుకు దిగింది. నేను కొడవలినే చూస్తూ కూర్చున్నాను.

"ప... ట్టింది" అన్నారు.

లోపల మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్ల బయటికి రాలేదు. వస్తే ఏడుస్తానని రాలేదని తర్వాత చెప్పింది.

అప్పటి నుంచి రోజుకు నాలుగైదు. మబ్బు పట్టింది. చెమట పట్టింది. ఈ చెప్పు కాలికి పట్టలేదు. చెట్టుకు కాయ పట్టింది. నేను సగం చెప్తాను, ఆయన పూర్తిచేస్తారు. చిన్నప్పుడు ఆయన మాకు నేర్పిందే. ఇంటికి పోయి రేపటి మాటలు వెతుక్కునేవాడిని. మా ఆడమనిషి ఊరుకుంటుందా. "నలభై ఏండ్లు కాపురం చేస్తే నాతో నాలుగు మాటలు లేవు. ఆడ పోయి బడి పెట్టినావంట" అంది. తర్వాత తనే పొయ్యి దగ్గర నుంచి, "పాలల్లో మీగడ పట్టింది అని చెప్పు. అది మీకు యాడ తడతాది, మగోళ్లకు" అని అందించింది. మర్నాడు అది చెప్తే సారు ముఖం వెలిగింది. అది నాది కాదని ఆయనకు తెలిసిపోయింది.

ఒకరోజు మాటలు అయిపోయి, "వలలో చేప..." అన్నాను. సారు పూర్తిచేయలేదు. ఎడమ చేతి చూపుడువేలు పైకెత్తారు. చాలాసేపు పట్టింది. "ఎ...వ...రి...తో?" అన్నారు. మా చెరువులో చేప ఎప్పుడు చూశాను నేను. సిగ్గుపడి నవ్వాను. ఆయనా నవ్వారు, సగం నోటితో. రోగం వచ్చాక తనంతట తానుగా అన్న మొదటి మాట అది. నన్ను దిద్దడానికే వచ్చింది.

ఫోన్లో ఆ మాట నేర్పే అమ్మాయికి చెప్తే సంతోషపడింది. ఇక తన సంగతి తాను మొదలుపెడతారు, అప్పుడు మాత్రం ఎవ్వరూ నోరు తెరవొద్దు అంది. సారు కూతురు ఆ రోజు కోసమే చెవులు పెట్టుకుని ఉంది. నేనూ ఉన్నాను.

ఈ ఏడు తొలివాన చాలా ఆలస్యమైంది. గింజ ఒలిచి మూటలు కట్టి రోజూ ఆకాశం చూడడమే. చివరికి ఒకరోజు తెల్లవారేసరికి మంచి వాన కురిసింది. మా నేల మీకు తెలిసిందే. పైన ఎర్రమన్ను, కింద రాయి. వాన పడిన పదును రెండు రోజులు ఉంటే ఎక్కువ. ఆ రెండు రోజుల్లో విత్తనం పడకపోతే మళ్లీ ఎప్పుడో. ఊళ్లో ట్రాక్టర్లు రెండే. ఎవరు ముందు పిలిస్తే వాళ్లకు.

ఆ పొద్దున, ఇవాళ రానని చెప్పడానికే సారు దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద మంచంలో ఉన్నారు. కూతురు నీళ్లకు కొళాయి దగ్గరికి పోయింది. నన్ను చూసి కూర్చోమని చెయ్యి చూపించారు. నేను కూర్చోలేదు. కాళ్లకు బురద ఉంది. మెట్టు మీదే నిలబడి, "వాన బాగా పడింది సార్. విత్తనానికి పోతాండా" అన్నాను.

ఆయన "నా...కు" అన్నారు.

తేటగా వచ్చింది. ఎప్పుడూ అంత తేటగా రాలేదు. నేను ఆగాను. ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. పెదాలు తరువాతి మాట కోసం కదులుతున్నాయి. జేబులో ఫోన్ మోగింది. మా ఆడమనిషి. "యాడ ఉండావు? ట్రాక్టరాయన వచ్చి నిలబడినాడు. ఇంకా ముగ్గురు పిలుస్తాండారంట, పోతానంటాండాడు" అంది. వస్తాండా అని పెట్టేశాను. సారు ఇంకా అక్కడే ఉన్నారు, 'నాకు' దగ్గర. ఎంతసేపు ఆగానో చెప్పలేను. నాకు ఎక్కువసేపు అనిపించింది. నిజంగా ఎక్కువ కాదేమో. ఫోన్ మళ్లీ మోగింది.

అప్పుడు అన్నాను. "నాకేం, బాగానే ఉండా, నువ్వు పో అంటాండావు గదా సార్? పోతా. విత్తనం పడినాక వస్తా."

ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన మాట నేను అందుకోలేదు. ఆ రోజు అందుకున్నాను.

ఆయన మంచం పట్టె మీద కొట్టలేదు. కొట్టి ఉంటే ఆగేవాడిని. నోరు మూసుకుని నన్ను చూశారు. నేను మెట్లు దిగి నడిచాను. గేటు దగ్గర తిరిగి చూడాల్సింది. చూడలేదు.

రెండు రోజులు చేలోనే. మూడో రోజు సాయంత్రం పోదామనుకున్నాను. పొద్దున్నే ఫోన్ వచ్చింది.

మట్టి ఇచ్చేటప్పుడు ఊరంతా వచ్చింది. మూడు పిడికిళ్ల మన్ను వేయాలంటే నేనూ వేశాను. నా చేను తడిపిన వానే ఆ మన్నునూ తడిపింది. అరచేతికి అంటుకుని రాలలేదు.

మట్టి ఇచ్చిన నాలుగో రోజు ఆ పిల్ల నాతో చెప్పింది. కొళాయి దగ్గర నుంచి వచ్చేసరికి నాయన "నాకు... నాకు" అంటున్నాడట. బిందె దింపి కిందనే కూర్చుందట. పొయ్యి కూడా వెలిగించలేదు. మధ్యాహ్నం దాకా అట్లాగే ఇద్దరూ. అక్కడిదాకా వచ్చి ఆగిపోవడం, గేటు వైపు చూడడం. "నేను ఒక్క మాట గూడా అందియ్యలే చిన్నాయనా. ఆయనా దాటలే" అంది. మర్నాడు ఇక ఆ మాట కూడా రాలేదట. చెప్పి నన్ను అడిగింది, "ఆ పొద్దు నువ్వొచ్చి పోయినావంట గదా. నీతో ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలే" అన్నాను.

అది అబద్ధం. అన్నారు. ఒక మాట అన్నారు, మిగతాది నేను అనేశాను. పది రోజులుగా ఇది మోస్తున్నాను. చేలో నిలబడలేను. ఇంట్లో కూర్చోలేను. అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే మా ఆడమనిషి కూడా ఏమీ అనడం లేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు ఇంకా కష్టం. ఆయనకు ఏం కావాలని ఉంది? ఏదన్నా తినాలనా? ఎవరినన్నా చూడాలనా? వాళ్ల నాయన ఊరు పోవాలనా? నేను ఏది అనుకున్నా మళ్లీ ఆయన మాట నేనే పూర్తిచేసినట్టు అవుతుంది.

ఈ కాగితాలు పుస్తకంలో చూసి ఆ పిల్ల తెలుసుకోవడం న్యాయం కాదు. అందుకే ఇంతవరకు రాసింది తీసుకుని ఈ పొద్దున సారు ఇంటికి వచ్చాను. చదువమ్మా అని ఇచ్చాను. నోటితో చెప్పలేకపోయాను. ఆమె మిషన్ ముందు కూర్చునే చదివింది. నా రాత కదా, చాలాసేపు పట్టింది. ఒకచోట వెనక్కి పోయి మళ్లీ చదివింది. ఏ చోటో నాకు కనిపించింది. చదివి కాగితాలు మడిచి నాకు ఇచ్చేసింది.

"చిన్నాయనా, నేను..." అంది. ఆగిపోయింది.

ఈ కడపటి వరుసలు సారు అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. ఆ పిల్ల లోపల మిషన్ ముందు ఉంది. సూదికి ఎక్కించబోయిన దారం పళ్ల మధ్య పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. కాలు పెడలు మీదే ఉంది, తొక్కడం లేదు. కోపమో, ఇంకేదో, నాకు తెలియదు. నాకు ఈ రోజు చేలో కలుపు పని ఉంది. పోవడం లేదు. ఆమె చెప్పేదాకా ఉంటాను.

ఈ ఆరు నెలల్లో మీలో చాలామంది వచ్చి సారును చూసిపోయారు. కొందరు ఫోన్లో పలకరించారు. పాతరోజుల్లో ఆయనతో కలిసి తిరిగినవాళ్లూ ఉన్నారు. మీలో ఎవరితోనైనా ఆయన 'నాకు' అని మొదలుపెట్టి, దాని తరువాత ఇంకొక్క మాట అన్నారా? ఎంత చిన్నదైనా సరే. అనుకుని రాయొద్దు, విన్నదే రాయండి. జాబు మా ఇంటికి కాదు, సారు ఇంటికే వేయండి. పొద్దున పూట నేను ఇక్కడే ఉంటాను. ఆ పిల్ల చదివితే వింటాను. ఆలస్యం చేయకుండా రాయండి.